రోహిణి రాకముందే

మా కోళ్లు చచ్చిపోయింది మే నెల ఎండకే గానీ, వాటికి గండం మొదలైంది ఏప్రిల్‌లో. 2015 ఏప్రిల్ రెండో వారంలో హయత్‌నగర్ మండలం తొర్రూరులో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకిందని తేలింది. హైదరాబాద్ నగరానికి ఆ కొసన తొర్రూరు, ఈ కొసన మా హఫీజ్‌పేట్. అక్కడి ఫారాల్లో లక్షకు పైగా కోళ్లను చంపి గోతుల్లో పూడ్చారు. ముఖాలకు మాస్కులు, ఒంటి మీద తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు కోళ్లను సంచుల్లో వేస్తున్న దృశ్యాన్ని టీవీల వాళ్లు రోజంతా తిప్పితిప్పి చూపించారు. ఆ వారం నుంచి మా గల్లీలో చికెన్ కొనే మనిషి లేడు.

అప్పటికి మా షెడ్డులో వనరాజా పుంజులు, పెట్టలు కలిపి నాలుగు వందలకు పైనే ఉన్నాయి. గుడ్ల కోసం వేరుగా పెంచే గ్రామప్రియ పెట్టలు ఇంకో వంద దాకా ఉండేవి. రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు. పెరట్లో పెంచుకునేవాళ్ల కోసమే చేశారు వాటిని. నాటుకోడిలా రంగురంగుల ఈకలు, అంతకంటే తొందరగా ఎదిగే ఒళ్లు. జనవరిలో పిల్లల్ని తెచ్చాం. ఏప్రిల్ సగానికి పుంజులు కిలోన్నర దాటాయి. పెళ్లిళ్ల రోజుల్లో అమ్మేయాలన్నది మా లెక్క. మా దగ్గర కోళ్లు పట్టుకెళ్లే దుకాణం భాయ్ చేతులెత్తేశాడు. "ఒక్క కిలో పోతలేదక్కా. దుకాణం తీసి ఈగలు తోలుకుంటున్న. నెల ఆగు" అన్నాడు. ఆగాం. ఆ నెల రోజుల్లో కోళ్లు తిన్నాయి, పెరిగాయి. మే మూడో వారానికి పుంజులు రెండున్నర కిలోలకు వచ్చాయి. కిలోన్నర కోళ్లకు సరిపోయిన షెడ్డు రెండున్నర కిలోల కోళ్లకు ఇరుకైపోయింది.

మాది పాత హఫీజ్‌పేట్, ఊరి నడిబొడ్డు. మా మామయ్య కాలంలో ఇక్కడ జొన్న వేసేవాళ్లు, చెరువు కింద వరి పండేది. అన్నదమ్ముల పంపకాల్లో మాకు మిగిలిన జాగాలో ఒక ఇల్లు, ఒక వేపచెట్టు, దాని పక్కన సిమెంటు రేకుల షెడ్డు. మా ఆయన గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీలకు రాత్రిపూట క్యాబ్ తోలేవాడు. పగలు పడుకునేవాడు. కోళ్ల పని నాదీ, మా అత్తమ్మదీ.

ఆ షెడ్డును మామయ్య తెలిసే కట్టాడు. పొడవు తూర్పు పడమరలకు ఉంటే ఎండ పక్క జాలీల్లోంచి లోపలికి పడదు. వెడల్పు తక్కువగా ఉంటే గాలి ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. చూరు మూడడుగులు ముందుకు వచ్చింది. ఇవన్నీ పశువైద్యులు చెప్పేవే. కట్టినప్పుడు పడమటి వైపు ఖాళీ భూమి, తుమ్మచెట్లు, సాయంత్రమైతే అటు నుంచి గాలి. 2015 నాటికి ఆ భూమిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. దాని గోడకూ మా జాలీకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. పైగా ఆ గోడకు బిగించిన ఏసీల బయటి పెట్టెలన్నీ మా వైపే వేడిగాలి వదులుతాయి. షెడ్డు అదే, రేకులు అవే. చుట్టూ ఊరు మారిపోయింది. ఇది ఎవరి మీదో కోపంతో చెప్పడం లేదు. కోళ్లు ఎందుకు చచ్చాయో చెప్పాలంటే ఆ గోడ సంగతి చెప్పక తప్పదు.

మే 20 దాటాక ఎండ ఒక్కసారిగా ముదిరింది. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, కృత్తికలోనే ఉన్నాం. హైదరాబాద్‌లో 44 చుట్టూ, ఖమ్మంలో 48 అని పేపర్లలో వచ్చింది. రోహిణిలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు గానీ, ఆ ఏడు రోహిణి దాకా ఆగలేదు.

అలాంటి ఒక పొద్దున దాణా వేస్తుంటేనే తేడా కనిపించింది. రోజూ గంప చప్పుడుకు కాళ్లకు అడ్డం పడే కోళ్లు ఆ రోజు కదల్లేదు. కొన్ని వచ్చి నాలుగు గింజలు ముట్టుకుని నీళ్ల డబ్బా దగ్గరికి పోయాయి. ఎండ పెరిగేకొద్దీ ఒకదానికొకటి ఎడంగా జరగడం మొదలుపెట్టాయి. రెక్కల్ని ఒంటికి ఆనించకుండా భుజాల దగ్గర్నుంచి విడిగా వేలాడేశాయి. రెక్క కింద ఈకలు పలచగా ఉంటాయి. ఒంట్లో వేడి పోవడానికి కోడికి ఉన్న దారులు అవే: రెక్కల కింది చర్మం, కాళ్లు, నెత్తిన ఎర్ర జుట్టు, గొంతు కింద తమ్మెలు. మనిషికి పట్టినట్టు దానికి చెమట పట్టదు. చెమట గ్రంథులే లేవు. కొన్ని ఊకను కాళ్లతో తవ్వి కింది చల్లని నేలకు పొట్ట ఆనించి పడుకున్నాయి.

పదకొండుకల్లా షెడ్డంతా రొప్పుతోంది. నోళ్లు తెరిచి, మెడలు చాచి, గొంతు కింద చర్మం టకటకా ఆడుతోంది. మామూలుగా ముప్పై డిగ్రీలు దాటుతుంటే మొదలయ్యే పని అది. ఊపిరితో పాటు గొంతులోని తడిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరుచుకుంటుంది కోడి. అందుకే దానికి అప్పుడు నీళ్లు కావాలి. చల్లని రోజుల్లో తిన్న దాణాకు రెట్టింపు బరువు నీళ్లు తాగే కోడి, ఈ ఎండల్లో నాలుగైదు రెట్లు తాగుతుంది. కానీ మా నీళ్లు నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోంచి వస్తాయి, ట్యాంకు ఎండలో ఉంటుంది. డబ్బాలో వేలు పెడితే కాలింది. కోళ్లు ముక్కు ముంచి తల విదిలించి వెనక్కి పోతున్నాయి. దప్పికతో నీళ్ల చుట్టూ నిలబడి తాగలేక చూస్తున్నాయి.

మూడింటికి మొదటి పుంజు పడింది. అన్నిటికంటే పెద్దది. జుట్టు ఎరుపు పోయి నేరేడు రంగుకు తిరిగింది. కళ్లు మూసుకుపోయాయి. రొప్పడం ఆగింది. రొప్పడం ఆగితే నెమ్మదించిందనుకుంటారు చూసేవాళ్లు. అదే ఆఖరు. ఒక పక్కకు ఒరిగి కాళ్లు తన్నుకుంది. దాన్ని చేతుల్లోకి తీసుకుంటే పొయ్యి మీంచి దించిన గిన్నెను పట్టుకున్నట్టుంది. అప్పుడు షెడ్డులో వేలాడదీసిన థర్మామీటరు 46 చూపిస్తోంది. గాలి కంటే రేకు ఎక్కువ కాలుతుంది. నా తలకు రెండు మూరల పైనున్న ఆ రేకుల నుంచి వేడి మాడు మీద కుండ బోర్లించినట్టు దిగుతోంది. మూడు నుంచి ఐదున్నర లోపు ముప్పైకి పైగా పోయాయి. అన్నీ పుంజులే, అన్నీ బరువైనవే. ఒళ్లు పెద్దదైన కొద్దీ లోపల పుట్టే వేడి ఎక్కువ, బయటికి పోయే దారి తక్కువ. ఏప్రిల్‌లో అమ్ముడుపోయి ఉంటే వాటిలో ఒక్కటీ ఆ పూట అక్కడ ఉండేది కాదు.

అత్తమ్మ పెంచుకునే నాటుకోళ్లు ఒక పది ఉండేవి. అవి షెడ్డులోకి రానే రావు. ఆ మధ్యాహ్నమంతా బట్టలుతికే బండ వెనక తడిమట్టిలో పొర్లి, పొద్దుగూకగానే వేపచెట్టెక్కి కొమ్మల మీద కూర్చున్నాయి. వాటికి ఏమీ కాలేదు. వాటిలో మెడ మీద ఈకలు లేని పెట్ట ఒకటి ఉండేది. చూసినవాళ్లు రోగమేమో అనేవారు. ఆ బోడి మెడ దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఈకలు తక్కువ, ఒంటి వేడి సులువుగా పోతుంది. వేడి దేశాల కోసం ఆ గుణాన్ని తీసుకుని కొత్త రకాలు చేసే పని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు.

పొద్దుగూకితే గండం గడిచినట్టేనని అనుకుంటాం. ఆ రాత్రి పదకొండు దాటాక టార్చి తీసుకుని షెడ్డులోకి పోయాను. మామూలుగా ఆ వేళకు కోళ్లు సద్దుమణిగి, వెలుతురు పడితే కొక్కొక్కుమని గొణుగుతాయి. ఆ రాత్రి గొణుగు లేదు. వందల గొంతులు ఒక్కసారే రొప్పుతున్న చప్పుడు, ఎండిన ఆకుల మీద ఎవరో ఆగకుండా నడుస్తున్నట్టు. లోపల ఇంకా 36 ఉంది. పడమటి గోడ మీద చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉంది. పగలంతా తాగిన ఎండను ఆ గోడ రాత్రంతా కక్కుతోంది. పైనుంచి ఏసీల వేడిగాలి.

మర్నాడు మొదటి రోజుకు రెట్టింపు పోయాయి. ఎండ నిన్నటిలాగే ఉంది, డిగ్రీ కూడా పెరగలేదు. రాత్రి తేరుకోని ఒళ్లు పొద్దున్నే అలసిపోయి ఎండకు ఎదురెళ్లింది. పగటి ఎండ అందరికీ కనిపిస్తుంది, పేపర్లో అంకె వస్తుంది. రాత్రి ఎంత చల్లబడిందో ఎవరూ అడగరు. నేను చూసినంతలో కోడి బతకడం, చావడం తేలేది ఆ రాత్రిలోనే.

రెండో రోజు సాయంత్రం పశువుల డాక్టరుగారు వచ్చారు. ఆ వారం ఆయనకు ఊరూరా ఇదే పని. అప్పుడే పడిన ఒక పుంజుకు మా ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు పెట్టి చూశారు. పాదరసం 108 దాకా ఎక్కి అక్కడ ఆగిపోయింది. మనిషి కోసం చేసిన థర్మామీటరుకు ఆ పైన గీతలు లేవు. కోడికి మామూలు రోజుల్లోనే 106, 107 ఉంటుందట, అంటే మన లెక్కలో 41 డిగ్రీలకు పైన. ఇంకో ఐదారు డిగ్రీలు పెరిగితే ఇక బతకదు. చచ్చినదాన్ని కోసి చూపించారు. రొమ్ము కండ తెల్లగా పాలిపోయి సగం ఉడికినట్టుంది. "రోగమేం లేదమ్మా, ఎండే" అన్నారు. బర్డ్ ఫ్లూ భయంతో ఉన్న మాకు ఆ మాట కొంత ఊరట. నేను ఏడ్చింది మాత్రం అప్పుడే.

ఆయన చెప్పిన మొదటి మాటకు నాకు ఆశ్చర్యం వేసింది. పగలు దాణా పెట్టొద్దన్నారు. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, తిన్న కొన్ని గంటలకు అది గట్టిగా ఉంటుంది. పొద్దున ఎనిమిదికి తింటే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి అందుతుంది. అందుకని తెల్లవారుజామున నాలుగింటికే లైటు వేసి దాణా వేయాలి, తొమ్మిదిలోపు తొట్లు ఎత్తేయాలి, మళ్లీ చల్లబడ్డాకే పెట్టాలి. నీళ్లలో తినే సోడా, విటమిన్ సి, ఎలక్ట్రోలైట్ పొడి కలపమన్నారు. ఊక మందంగా ఉంటే అదే వేడి పుట్టిస్తుంది, పైపొర తీసి పలచగా చేయమన్నారు. మధ్యాహ్నం గంటకోసారి కోళ్ల మధ్య మెల్లగా నడిచి వాటిని లేపమన్నారు. పడుకున్న కోడి కింద వేడి చిక్కుకుని ఉంటుంది, లేచి నిలబడితే అది పోతుంది. మెల్లగా అని మరీ మరీ చెప్పారు. బెదిరి పరిగెడితే ఆ పరుగే దాన్ని చంపుతుంది.

మేం ఇంట్లో ఉన్న గోనె సంచులన్నీ తడిపి నాలుగు పక్కలా జాలీలకు కట్టాం. ఆయన రెండు పక్కలవి విప్పించారు. నీళ్లు చల్లితే గాలి చల్లబడుతుంది నిజమే, ఆ తడిగాలి బయటికి పోయే దారి కూడా ఉండాలి. గాలిలో తేమ పేరుకుంటే గొంతులోని తడి ఆరదు, ఎంత రొప్పినా వేడి దిగదు. ఎండ 40 ఉండి గాలి ఆడే చోట బతికే కోడి, అంతకంటే తక్కువ ఎండలో ఉక్కపోతకు చస్తుంది. గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాల వాళ్లు దీన్ని చాలా ముందే అనుభవించారు. 2003 మే నెల వడగాలులకు అక్కడ లక్షల కోళ్లు పోయాయి.

తర్వాతి రోజులు పని తప్ప ఇంకేమీ గుర్తులేవు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి నిద్ర మానేసి రేకుల మీద సున్నం కొట్టాడు. సున్నం ఆరాక కొబ్బరి మట్టలు, పాత దుప్పట్లు పరిచి తడిపాం. నల్ల ట్యాంకు మీద గోనెలు చుట్టాం. అత్తమ్మ ఇంట్లో మేం తాగే రంజన్లు తెచ్చి షెడ్డులో నేలలోకి సగం పాతి పెట్టింది, పక్కన మట్టి మూకుళ్లలో ఆ నీళ్లు పోసింది. చేపల బండివాళ్ల దగ్గర ఐసు ముక్కలు కొనుక్కొచ్చి వేశాం. చల్లని నీళ్లు కనబడగానే కోళ్లు ఎగబడిన తీరు చూసి, ముందురోజు అవి తాగలేక నిలబడింది గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది.

ఆ తడి ఎంతసేపు? బోరు గంట పోసి ఆగిపోతోంది. ట్యాంకర్ ధర రెట్టింపైంది, అదీ అడిగిన రోజు రాదు. ఒక మధ్యాహ్నం కాలిన ఫ్యూజు వేసేదాకా కరెంటు లేదు, ఫ్యాన్లు ఆగాయి. ఆ రోజు మేం ముగ్గురం అట్టముక్కలతో విసిరాం. నాలుగు వందల కోళ్లకు ముగ్గురు మనుషులు విసిరితే ఏమవుతుందని అడగొచ్చు. చూస్తూ కూర్చోలేకపోయాం. పడిపోతున్నవాటిని మెడ దాకా నీళ్ల బకెట్లో ముంచి తీశాం. కొన్ని కళ్లు తెరిచాయి, కొన్ని బకెట్లోనే పోయాయి.

నిజంగా చావులు తగ్గించింది వేపచెట్టు. అత్తమ్మ రెండు రోజులుగా ఒకే మాట అంటోంది: "ఆ చెట్టు మీద కోళ్లు బతికే ఉన్నయ్ గదనే. ఇవిటిని గూడ ఆడికే తేరాదు?" నాకు కుక్కల భయం, పిల్లుల భయం, దొంగల భయం. చివరికి ఒక రాత్రి భయాలన్నీ పక్కన పెట్టి, పాత చీరలు, దోమతెరలు చెట్టు చుట్టూ గుంజలకు కట్టి, చీకటి పడ్డాక కోళ్లను కొద్దికొద్దిగా అక్కడికి చేర్చాం. చీకట్లో పట్టుకుంటే కోడి బెదరదు. చెట్టు కింద నీళ్లు చల్లిన నేల, పైన తెరిపి ఆకాశం. థర్మామీటరు తెచ్చి కొమ్మకు తగిలిస్తే అర్ధరాత్రికి షెడ్డు కంటే ఐదు డిగ్రీలు తక్కువ చూపించింది. ఒంటిగంట వేళకు ఒక్కొక్కటే నోరు మూసుకున్నాయి. మర్నాడు పదికంటే తక్కువే పోయాయి. ఇక ప్రతి రాత్రీ అదే పని. ఎండలు తగ్గేదాకా నేనూ అత్తమ్మా ఆ చీరల పక్కనే నులక మంచాలు వేసుకుని, చేతికర్ర పెట్టుకుని పడుకున్నాం.

ఒక రాత్రి గేటు దగ్గర చంటిపిల్లను ఎత్తుకుని ఒకామె నిలబడింది. పక్క సందులో కడుతున్న బిల్డింగు పనికి పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. "అక్కా, మా గుడిసెకు గూడ రేకులే. లోపల పిల్ల ఒకటే ఏడుస్తుంది. ఈ చెట్టు కింద జరసేపు పండుకుంటం" అంది. రమ్మన్నాం. ఆ తర్వాత వాళ్ల పక్కింటివాళ్లూ వచ్చారు. చీరల ఇవతల మనుషులు, అవతల కోళ్లు. ఆ మే నెలలో వడదెబ్బకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఎక్కువమంది కూలీలు, వృద్ధులు. మా చెట్టు కింద పడుకున్నవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఒక్క సంగతికి మాత్రం నాకు ఇప్పటికీ తృప్తిగా ఉంటుంది.

జూన్‌లో వానలు పడ్డాయి. ఎండ పోయింది గానీ నష్టం పోలేదు. గ్రామప్రియ పెట్టలు చావు తప్పించుకున్నాయి, ఎందుకంటే అవి తేలికైనవి, తెరిపిగా ఉన్న కొసన ఉండేవి. గుడ్లు మాత్రం సగానికి సగం పడిపోయాయి. పెట్టినవి చిన్నవి. పెంకు ఎంత పలచనంటే, గంపలో నుంచి తీస్తుంటే బొటనవేలు లోపలికి దిగింది. వాటికి సున్నం తక్కువై కాదు, ఆల్చిప్పల పొడి ఎప్పుడూ పెట్టేవాళ్లం. గుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్. అందులో కార్బొనేట్ భాగం కోడి రక్తంలోని బొగ్గుపులుసు వాయువు నుంచే వస్తుంది. గంటల తరబడి రొప్పినప్పుడు ఆ వాయువు ఎక్కువగా ఊపిరితో బయటికి పోతుంది, రక్తం తీరు మారిపోతుంది, ఇక పెంకు గట్టిగా ఎలా తయారవుతుంది? డాక్టరుగారు తినే సోడా కలపమన్నది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. గుడ్లు మళ్లీ మామూలు అయ్యేసరికి శ్రావణం వచ్చింది. చచ్చిన కోళ్లను లెక్కపెట్టుకుంటాం. పెట్టని గుడ్లను, తినక తగ్గిన బరువును ఎవరూ లెక్క కట్టరు. మా పుస్తకంలో చూస్తే రెండోదే పెద్ద నష్టం.

ఆ మే నెలలో దేశం మొత్తం మీద కోటీ 70 లక్షలకు పైగా కోళ్లు పోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి. సరుకు తగ్గి చికెన్ ధర ఎగిరింది. ఏప్రిల్‌లో వద్దన్న భాయే జూన్‌లో ఇంటికొచ్చి మిగిలినవి మంచి ధరకు తీసుకుపోయాడు. అతని తప్పేం లేదు. మాకు మిగిలినవే తక్కువ. ఆరేళ్ల తర్వాత, 2021 జూన్ చివర్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇలాగే ఒక్కసారిగా ఎండ విరుచుకుపడినప్పుడు ఆరు లక్షలకు పైగా పెంపుడు జీవాలు చచ్చాయని, వాటిలో ఎక్కువ కోళ్లేనని చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. అంత చల్లని దేశంలో! ఎండ మెల్లగా పెరిగితే కోడి ఒళ్లు నాలుగైదు రోజుల్లో కొంత అలవాటు పడుతుంది. ఒక్కసారిగా పడితే ఆ వ్యవధి దొరకదు, సీజను మొదటి దెబ్బకే ఎక్కువ పోతాయి. డబ్బున్న ఫారాల్లో ఇప్పుడు చుట్టూ మూసిన షెడ్లు, ఒక కొసన తడి ప్యాడ్లు, ఇంకో కొసన పెద్ద ఫ్యాన్లు. లోపల హాయిగా ఉంటుంది. కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే మాత్రం మాకు రెండు రోజుల్లో జరిగింది అక్కడ కొద్ది సేపట్లో జరుగుతుంది.

మేం ఇంకా ఇక్కడే ఉన్నాం, కోళ్లూ ఉన్నాయి. మార్చి నుంచి జూన్ దాకా మాంసం బ్యాచ్ వేయం. ఫిబ్రవరి చివరికల్లా పెద్ద పుంజులన్నీ అమ్మేస్తాం, ధర తక్కువొచ్చినా సరే. ఉగాది కంటే ముందే రేకులకు సున్నం. ఇళ్ల పైకప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయాలని తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మా షెడ్డు ఆ లెక్కలోకి వస్తుందో రాదో గానీ, సున్నం కొట్టిన రేకు కింద నిలబడితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. వేపచెట్టును కొట్టి గదులు వేసుకుంటే అద్దె వస్తుందని చాలామంది చెప్పారు. కొట్టలేదు.

డాబాల మీద, పెరళ్లలో, కట్టని ప్లాట్లలో రేకు కప్పి నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు మియాపూర్, కొండాపూర్, మదీనాగూడ వైపు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఇది. కోడి రెక్కలు విడిగా పెట్టిందంటే మీకు కొన్ని గంటల వ్యవధి ఉంది. మధ్యాహ్నం దాకా ఆగకండి. దాణా ఎత్తేయండి, నీళ్లు చేత్తో ముట్టుకుని చూడండి, బరువైనవాటిని వేరు చేయండి, రాత్రి వాటిని రేకుల కింద ఉంచకండి. ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పోయిన మనిషి కుటుంబానికి నాలుగు లక్షల సాయం ఇస్తామన్నారు. మంచి పని. వడదెబ్బకు పోయినవాళ్ల జాబితా రాసే అధికారులు మా వంటి పెరటి కోళ్లవాళ్ల గడప కూడా ఒకసారి తొక్కాలి. ఎన్ని పోయాయో రాసుకుని, రేకులకు పూత వేసుకోవడానికైనా సాయం చేయాలని అడుగుతున్నాను.